దూరపు కుర్ర గెలాక్సీ ఏడాదికి ఎన్ని నక్షత్రాలను కంటోంది, దాని డార్క్ మ్యాటర్ హేలో బరువెంత: లాప్‌టాప్‌తో లెక్క తేల్చే పద్ధతి

ఈ మార్గదర్శి రెండు ప్రశ్నల గురించి. దాదాపు 1,200 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన కాంతిలో మనకు కనిపించే ఒక కుర్ర గెలాక్సీ ఏడాదికి ఎంత బరువైన నక్షత్రాలను తయారుచేస్తోంది? దాన్ని తన గురుత్వంతో పట్టి ఉంచిన డార్క్ మ్యాటర్ హేలో, అంటే గెలాక్సీ చుట్టూ పరుచుకున్న కనిపించని పదార్థపు ముద్ద, బరువెంత?

మొదటి ప్రశ్నకు ఒక్క గెలాక్సీ చాలు. రెండోదానికి వందలో వేలో కావాలి, ఎందుకంటే హేలో కంటికి కనిపించదు. అంత దూరంలో ఉన్న ఒక్క గెలాక్సీని ఎంత సేపు చూసినా దాని హేలో బరువు నేరుగా తెలియదు. గెలాక్సీలు ఆకాశంలో ఎలా గుంపుకడుతున్నాయో చూసి, ఆ గుంపు మొత్తానికి సగటు హేలో ఎంతో తేల్చాలి. మొదటిసారి ఈ పని చేసేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ‘నా గెలాక్సీ హేలో ఇంత’ అని ఎవరైనా అంటే, ‘అలాంటి గెలాక్సీల సగటు హేలో ఇంత’ అని అర్థం చేసుకోండి.

ఇంటర్ ఫిజిక్స్, లాగరిథమ్‌లు, కాస్త పైథాన్ తెలిస్తే ఈ లెక్కలు చేయొచ్చు. సొంత టెలిస్కోప్ అక్కర్లేదు. పుణెలోని ఎన్‌సీఆర్‌ఏ (జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం) పరిశోధకులు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ 2025లో ప్రకటించిన ‘అలకనంద’ అనే సర్పిలాకార గెలాక్సీ కూడా జేమ్స్ వెబ్ టెలిస్కోప్ అందరికీ అందుబాటులో పెట్టిన డేటాలో దొరికిందే. దాని రెడ్‌షిఫ్ట్ సుమారు 4. విశ్వం విస్తరించడం వల్ల కాంతి తరంగాలు దారిలో ఎంత సాగాయో చెప్పే అంకె ఇది, ఎంత పెద్దదైతే గెలాక్సీ అంత దూరం, అంత పాత కాలం. మనం కూడా ఆ కాలాన్నే తీసుకుందాం.

అడుగు 1: డేటా, సాఫ్ట్‌వేర్ దింపుకోండి

సెక్స్‌టన్స్ నక్షత్రమండలం వైపు రెండు చదరపు డిగ్రీల మేర ఉన్న ‘కాస్మాస్’ అనే ఆకాశపు ముక్కను దాదాపు ప్రతి పెద్ద టెలిస్కోపూ చూసింది. ఆ కొలతలన్నీ కలిపి వేసిన జాబితా పేరు కాస్మాస్2020. ఉచితంగా దొరుకుతుంది, అందులో పది లక్షలకు పైగా వస్తువులున్నాయి. జేమ్స్ వెబ్‌తో అదే ప్రాంతంలో 0.54 చదరపు డిగ్రీలను చూసి తయారుచేసిన కాస్మాస్-వెబ్ జాబితా 2025 జూన్‌లో వచ్చింది. అందులో దాదాపు 8 లక్షల గెలాక్సీలున్నాయి. గుంపు కొలతకు లోతు కన్నా వెడల్పు ముఖ్యం కాబట్టి మొదటిసారి కాస్మాస్2020తోనే మొదలుపెట్టండి.

జాబితా తెరిచి చూడ్డానికి టాప్‌క్యాట్, దూరాల లెక్కకు ఆస్ట్రోపై, జంటలు లెక్కపెట్టడానికి ట్రీకార్, హేలోల లెక్కకు కొలోసస్ కావాలి. నాలుగూ ఉచితమే.

విశ్వం కొలతలు ముందే ఒకచోట రాసిపెట్టుకోండి. ఈ వ్యాసంలో హబుల్ స్థిరాంకం (విశ్వం విస్తరించే వేగం) 70, మొత్తం పదార్థం వాటా 0.3, మిగతాది డార్క్ ఎనర్జీ. ప్లాంక్ ఉపగ్రహం ఇచ్చిన విలువలు 67.4, 0.315. ఏవి వాడినా ఫరవాలేదు కానీ, సగం లెక్క ఒకదాంతో మిగతా సగం ఇంకోదాంతో చేస్తే తర్వాత తప్పు ఎక్కడుందో పట్టుకోలేక తల పట్టుకోవాల్సి వస్తుంది.

అడుగు 2: గెలాక్సీలను ఏరండి, దొంగల్ని పట్టుకోండి

గెలాక్సీల లోపలా మధ్యలోనూ ఉన్న హైడ్రోజన్ వాయువు 912 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పొట్టి తరంగాలను పూర్తిగా మింగేస్తుంది, 1,216 కన్నా పొట్టివాటిని చాలావరకు మింగేస్తుంది. రెడ్‌షిఫ్ట్ 4 అంటే ప్రతి తరంగం ఐదు రెట్లు సాగుతుంది. 912 కాస్తా 4,560 అవుతుంది, 1,216 కాస్తా 6,080 అవుతుంది. అంటే ఎరుపు ఫిల్టర్లలో బాగా కనిపించే గెలాక్సీ నీలం ఫిల్టర్‌లో దాదాపు మాయమవుతుంది. చార్లెస్ స్టైడెల్ బృందం 1990లలో ఈ ఉపాయంతోనే దూరపు గెలాక్సీలను వందల కొద్దీ ఏరింది.

ఈ వలలో వేరేవీ పడతాయి. రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గరుండే ముసలి గెలాక్సీల వర్ణపటంలో 4,000 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక మెట్టు ఉంటుంది. ఒకటిన్నర రెట్లు సాగాక అది సరిగ్గా 6,000 దగ్గరే పడుతుంది. మన పాలపుంతలోని చల్లటి ఎర్రటి చిన్న నక్షత్రాలు కూడా దూరపు గెలాక్సీల్లా నటిస్తాయి.

నిపుణులు కూడా ఇందులో బోల్తాపడ్డారు. వెబ్ డేటా వచ్చిన కొత్తలో, 2022లో, సీర్స్-93316 అనే వస్తువుకు ఫిల్టర్ల ఆధారంగా రెడ్‌షిఫ్ట్ 16 దాటిందన్నారు. మరుసటి ఏడాది స్పెక్ట్రమ్ తీస్తే 4.9 అని తేలింది. ధూళి వల్ల ఎర్రబడిన గెలాక్సీలో ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువుల ప్రకాశవంతమైన గీతలు సరిగ్గా కొన్ని ఫిల్టర్లలో పడి, మెట్టు ఉన్నట్టు భ్రమ పుట్టించాయి.

కాబట్టి ఇలా చేయండి. కాస్మాస్2020లో ప్రతి వస్తువుకూ రెడ్‌షిఫ్ట్‌ను లెఫేర్, ఈజీ అనే రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లతో లెక్కకట్టారు. రెండింటిలోనూ 3.5కూ 4.5కూ మధ్య వచ్చినవాటినే ఉంచండి. నక్షత్రాలని గుర్తు ఉన్నవి తీసేయండి. ఎక్స్-కిరణాల్లో మెరిసేవీ తీసేయండి, వాటిలో కాంతి నక్షత్రాలది కాకుండా బ్లాక్‌హోల్ చుట్టూ తిరిగే వాయువుది కావొచ్చు. ఇంత చేసినా కొన్ని దొంగ గెలాక్సీలు మిగులుతాయి. ఎంత శాతం మిగిలాయో ఒక అంచనా రాసుకోండి, అడుగు 5లో పనికొస్తుంది.

అడుగు 3: కనిపించే వెలుగు నుంచి నక్షత్రాల పుట్టుక దాకా

ఇప్పుడు ఒక్క గెలాక్సీ తీసుకుందాం. ఐ-ఫిల్టర్‌లో మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ) 25.0, రెడ్‌షిఫ్ట్ 4 అనుకోండి. ఐ-ఫిల్టర్ సుమారు 7,500 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర చూస్తుంది, ఐదుతో భాగిస్తే 1,500. అంటే గెలాక్సీ దగ్గర అది అతినీలలోహిత కాంతి. ఈ కాంతిని ప్రధానంగా ఇచ్చేవి బరువైన, వేడి నక్షత్రాలు. అవి ఎక్కువ కాలం బతకవు. అవి వెలుగుతున్నాయంటే గత 10 కోట్ల ఏళ్లలోపే నక్షత్రాలు పుట్టాయని అర్థం. ఈ పద్ధతికి ఆధారం అంతా ఇదే.

మన విశ్వం కొలతలతో రెడ్‌షిఫ్ట్ 4కు ప్రకాశ దూరం (వెలుగు ఎంత మసకబారిందో దాన్నిబట్టి వచ్చే దూరం) 35,840 మెగాపార్సెక్‌లు. ఒక మెగాపార్సెక్ అంటే దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. దాన్నుంచి వచ్చే దూరపు సవరణ 47.77 మ్యాగ్నిట్యూడ్‌లు. ఫిల్టర్ కూడా సాగింది కాబట్టి 2.5 × లాగ్(5), అంటే 1.75 తిరిగి కలపాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు, మర్చిపోతే గెలాక్సీ ఐదు రెట్లు ఎక్కువ వెలుగుతున్నట్టు తేలుతుంది.

25.0 − 47.77 + 1.75 = −21.02

ఇది అసలు మ్యాగ్నిట్యూడ్. రెడ్‌షిఫ్ట్ 4 కాలానికి ఇదొక మంచి ప్రకాశవంతమైన గెలాక్సీ, మరీ అరుదైనది కాదు. దీన్ని శక్తిగా మార్చడానికి 51.60 నుంచి తీసేసి 2.5తో భాగించండి. (51.60 + 21.02) ÷ 2.5 = 29.05. పదికి అంత ఘాతం వేస్తే సుమారు 1.1 × 10²⁹ ఎర్గ్‌లు, సెకనుకు, హెర్ట్జ్‌కు.

ఈ వెలుగును నక్షత్రాల పుట్టుక రేటుగా మార్చడానికి మడావ్, డికిన్సన్ 2014లో రాసిన సమీక్షలోని గుణకం 1.15 × 10⁻²⁸. అది సాల్‌పీటర్ పద్ధతిలో నక్షత్రాల బరువుల పంపకాన్ని ఊహించుకుని వేసినది. తేలిక నక్షత్రాలు అంత ఎక్కువగా ఉండవని ఇప్పుడు అందరూ వాడే ఛాబ్రియె పంపకానికి మారాలంటే 0.63తో గుణించాలి.

1.1 × 10²⁹ × 1.15 × 10⁻²⁸ × 0.63 ≈ 8

ఏడాదికి ఎనిమిది సూర్యులంత బరువైన నక్షత్రాలు. రెండు వ్యాసాల్లోని అంకెలను పోల్చేటప్పుడు ముందు ఈ 0.63 సంగతి చూడండి. ఒకరు సాల్‌పీటర్, ఇంకొకరు ఛాబ్రియె వాడి ఉంటే ఆ తేడాయే ‘కొత్త ఆవిష్కరణ’లా కనిపిస్తుంది.

అడుగు 4: ధూళి లెక్క

ఎనిమిది అనేది ధూళి లేదనుకుంటే వచ్చిన అంకె. ధూళి అతినీలలోహిత కాంతిని మింగి, వేడెక్కి, పరారుణంలో విడిచిపెడుతుంది. ఎంత మింగిందో తెలియాలంటే గెలాక్సీ రంగు చూడాలి. పక్కపక్క ఫిల్టర్లలోని వెలుగును బట్టి వర్ణపటం వాలును కొలిస్తే దాన్ని బీటా అంటారు. ధూళి లేని కుర్ర గెలాక్సీలో అది −2.2 దగ్గర ఉంటుంది. ధూళి పెరిగే కొద్దీ సున్నా వైపు జరుగుతుంది.

మన గెలాక్సీ బీటా −1.7 అనుకుందాం. మ్యూరర్ బృందం 1999లో ఇచ్చిన సూత్రం ప్రకారం మింగుడు 4.43 + 1.99 × బీటా, అంటే 1.05 మ్యాగ్నిట్యూడ్‌లు, సవరణ 2.6 రెట్లు. పుట్టుక రేటు ఏడాదికి 21కి చేరింది.

ఈ సూత్రాన్ని మన దగ్గరి గెలాక్సీలను చూసి కట్టారు. పాలపుంత పక్కనున్న చిన్న మెజెల్లానిక్ మేఘం అనే బుల్లి గెలాక్సీలో ఉన్నలాంటి ధూళి అయితే అదే రంగుకు మింగుడు తక్కువ. ఆ లెక్కన సవరణ 1.7 రెట్లే, రేటు 14. చిలీలోని ఆల్మా టెలిస్కోప్ సముదాయం చూసిన కుర్ర గెలాక్సీల్లో చాలావాటికి ఈ రెండోదే దగ్గరగా సరిపోతోంది. నా సలహా: రెండు అంకెలూ రాయండి. ‘14 నుంచి 21’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ‘21.1’ అని రాస్తే ఆ దశాంశం వెనక ఏముందని అడుగుతారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మనకు అసలు కనిపించనివాటితో. ధూళి మరీ దట్టంగా ఉంటే గెలాక్సీ అతినీలలోహితంలో కనిపించదు, మన జాబితాలోకే రాదు. ఇలాంటివాటిని కూడా చూడగలిగేలా యూరప్ అంతరిక్ష సంస్థ 2009లో 3.5 మీటర్ల అద్దమున్న హెర్షెల్ టెలిస్కోప్‌ను పంపింది. 2013లో చల్లబరిచే హీలియం అయిపోయేదాకా అది 250, 350, 500 మైక్రాన్ల దగ్గర ఆకాశాన్ని చూసింది. పరారుణ కొలత దొరికితే లెక్క సులువు: సూర్యుడికన్నా లక్ష కోట్ల రెట్లు పరారుణ వెలుగు ఉంటే ఏడాదికి సుమారు 100 సూర్యులంత నక్షత్రాలు పుడుతున్నట్టు.

హెర్షెల్‌కు దొరికిన హెచ్‌ఎఫ్‌ఎల్‌ఎస్3 విషయం చెప్పుకోవాలి. రెడ్‌షిఫ్ట్ 6.34 దగ్గరున్న ఆ గెలాక్సీ ఏడాదికి 2,900 సూర్యులంత నక్షత్రాలను పుట్టిస్తోందని 2013లో ప్రకటించారు. తర్వాత చూస్తే మధ్యలో అడ్డున్న గెలాక్సీల గురుత్వం దాని కాంతిని పెద్దది చేసి చూపుతోందని తేలింది, అంకె 1,300 దగ్గరికి దిగింది. అలకనంద వెలుగు కూడా ముందున్న ఏబెల్ 2744 గెలాక్సీ గుంపు వల్ల రెట్టింపై కనిపిస్తోంది. కాబట్టి మీ గెలాక్సీకి కాస్త పక్కగా దగ్గరి గెలాక్సీ ఏదైనా ఉందేమో బొమ్మ తెరిచి కళ్లతో చూడండి. కాలమ్‌లో అంకెలు చూసి సరిపెట్టుకోవద్దు.

అడుగు 5: గుంపు కొలవండి

అసలు శ్రమంతా ఇక్కడే. ముందు ఆలోచన అర్థం చేసుకుందాం. డార్క్ మ్యాటర్ విశ్వమంతా సమానంగా లేదు. బరువైన హేలోలు అరుదు, పైగా పదార్థం దట్టంగా ఉన్న చోట్లే పుడతాయి కాబట్టి ఒకదాని దగ్గర ఒకటి ఉంటాయి. తేలికవి అన్నిచోట్లా చెల్లాచెదురుగా ఉంటాయి. ఊరి మ్యాప్‌లో టీకొట్లు మాత్రమే గుర్తుపెట్టి ఇస్తే, ఎక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయో చూసి పెద్ద జంక్షన్ ఏదో చెప్పేయొచ్చు కదా. అలాగే గెలాక్సీలు ఎంత దగ్గరదగ్గరగా ఉంటే వాటి హేలోలు అంత బరువైనవన్నమాట.

కొలిచేది కోణీయ సహసంబంధం. ఒక గెలాక్సీ నుంచి ఫలానా కోణం దూరంలో ఇంకో గెలాక్సీ కనిపించే అవకాశం, గుడ్డిగా చల్లిన చుక్కలతో పోలిస్తే, ఎంత ఎక్కువ? లాండీ, సలాయ్ 1993లో ఇచ్చిన సూత్రాన్నే నేటికీ వాడుతున్నారు. ఆ దూరంలో గెలాక్సీ-గెలాక్సీ జంటల వాటాలోంచి గెలాక్సీ-చుక్క జంటల వాటాకు రెట్టింపు తీసేసి, చుక్క-చుక్క జంటల వాటా కలిపి, మొత్తాన్ని ఆ చుక్క-చుక్క వాటాతోనే భాగించాలి. ట్రీకార్ దీన్ని నిమిషాల్లో చేసేస్తుంది.

చిక్కంతా ఆ గుడ్డి చుక్కల్లో ఉంది. ఆకాశం బొమ్మలో ప్రతి ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ ఒక పెద్ద వెలుగు మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో దూరపు గెలాక్సీలు కనబడవు. కెమెరా అంచులు, ఉపగ్రహాల గీతలు, ఒకచోట ఎక్కువ సేపు ఇంకోచోట తక్కువ సేపు తీసిన ఫొటోలు, ఇవన్నీ గెలాక్సీలు లేని ఖాళీలను సృష్టిస్తాయి. మీ గుడ్డి చుక్కలు ఆ ఖాళీల్లోనూ పడితే, మిగతాచోట్ల గెలాక్సీలు బాగా గుంపుకట్టినట్టు తప్పుడు ఫలితం వస్తుంది. దాని వెంటే హేలో బరువూ అబద్ధంగా పెరిగిపోతుంది.

అందుకని, జాబితాతోపాటు ఇచ్చే మాస్క్‌ను, అంటే ఏయే చోట్లు పనికిరావో చెప్పే పటాన్ని, గెలాక్సీలకూ చుక్కలకూ ఒకేలా వర్తింపజేయండి. చుక్కలు గెలాక్సీల కన్నా కనీసం పది రెట్లు ఉండాలి. తర్వాత రెండింటినీ వేర్వేరు రంగుల్లో ఒకే బొమ్మలో గీసి, పెద్దది చేసి చూడండి. నక్షత్రం ఉన్నచోట చుక్కల్లో గుండ్రటి రంధ్రం కనిపించాలి, గెలాక్సీల్లోనూ అదే రంధ్రం అంతే సైజులో ఉండాలి. గెలాక్సీల రంధ్రం కాస్త పెద్దగా ఉందంటే మాస్క్ చాలలేదని అర్థం, పెంచి మళ్లీ చేయండి. ఈ పని విసుగే. కానీ మొత్తం ఫలితం దీని మీదే నిలబడుతుంది కాబట్టి నేనైతే సగం సమయం దీనికే కేటాయించమంటాను.

జంటలు లెక్కించాక మూడు సవరణలున్నాయి. మొదటిది, దొంగ గెలాక్సీలు. జాబితాలో 20 శాతం అలాంటివి ఉండి, అవి అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంటే, అసలు గుంపు బలం మీరు కొలిచినదానికన్నా 1 ÷ 0.64, అంటే 1.56 రెట్లు ఎక్కువ. రెండోది, మీ ఆకాశపు ముక్క చిన్నది కాబట్టి దాని సగటే విశ్వం సగటు అనుకుంటున్నాం. దానివల్ల పెద్ద కోణాల దగ్గర గుంపు తగ్గి కనిపిస్తుంది, ఒక చిన్న స్థిరాంకం కలిపి సరిచేయాలి. మూడోది పొరపాటు అంచనా. ఆకాశాన్ని ఇరవై ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వదిలేస్తూ లెక్కను ఇరవైసార్లు చేయండి. అంకె ఎంత ఊగుతోందో అదే మీ అనిశ్చితి.

గ్రాఫ్ గీశాక చిన్న కోణాల దగ్గర ఒక వింత కనిపించాలి. పెద్ద కోణాల్లో నున్నగా దిగే గీత, ఏడెనిమిది ఆర్క్‌సెకన్లలోపు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది. సుబారు టెలిస్కోప్ డేటాలో రెడ్‌షిఫ్ట్ 4 దగ్గర దాదాపు 17,000 గెలాక్సీలతో ఓచి మసామి బృందం 2005లో దీన్ని స్పష్టంగా చూపింది. కారణం ఇదీ: ఆ దూరంలో ఒక ఆర్క్‌సెకను సుమారు 7 కిలోపార్సెక్‌లు. లక్ష కోట్ల సూర్యుల బరువున్న హేలో వ్యాసార్ధం అప్పట్లో దాదాపు 60 కిలోపార్సెక్‌లు, అంటే తొమ్మిది ఆర్క్‌సెకన్ల లోపే. అంతకన్నా దగ్గరగా ఉన్న జంటలు ఒకే హేలోలో కాపురం ఉంటున్న రెండు గెలాక్సీలు. గీత విరిగే చోటే హేలో సైజును చెప్పేస్తోంది. ఈ లెక్కల్లో నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఇదే.

అడుగు 6: గుంపు నుంచి హేలో బరువుకు

కోణాల్లో కొలిచినదాన్ని నిజమైన దూరాల్లోకి మార్చాలి. దానికి మీ గెలాక్సీలు రెడ్‌షిఫ్ట్‌లో ఎంత వెడల్పుగా పరుచుకున్నాయో తెలియాలి. అదే గుంపు బలం ఉన్నా, పరుపు వెడల్పు రెట్టింపైతే కోణీయ సంకేతం సగానికి పలచబడుతుంది. కాబట్టి రెడ్‌షిఫ్ట్ అంచనాల అస్పష్టతను తక్కువగా వేసుకుంటే హేలో బరువు తప్పుతుంది.

మార్చాక వచ్చేది సహసంబంధ దూరం, అంటే ఇంకో గెలాక్సీ కనిపించే అవకాశం గుడ్డి చుక్కలతో పోలిస్తే రెట్టింపయ్యే దూరం. మన గెలాక్సీ వంటి ప్రకాశవంతమైనవాటికి అది 5.5 మెగాపార్సెక్‌లు వచ్చిందనుకుందాం, ‘హెచ్’తో భాగించిన యూనిట్లలో. హబుల్ స్థిరాంకాన్ని వందతో భాగిస్తే వచ్చేదే ఈ హెచ్, మన లెక్కలో 0.7. ఈ రంగంలో సగం వ్యాసాలు దూరాలనూ బరువులనూ ఈ యూనిట్లలోనే రాస్తాయి. గమనించకుండా తెచ్చి వాడితే బరువు 30 శాతం తప్పుతుంది.

సహసంబంధం దూరానికి 1.8 ఘాతంతో తగ్గుతుందనుకుంటే, అదే యూనిట్లలో 8 మెగాపార్సెక్‌ల గోళంలో గెలాక్సీల హెచ్చుతగ్గులు (5.5 ÷ 8)ను 1.8 ఘాతానికి పెంచి, 1.865తో గుణించి, వర్గమూలం తీస్తే వస్తాయి: 0.97. అదే గోళంలో డార్క్ మ్యాటర్ హెచ్చుతగ్గులు నేడు 0.8. రెడ్‌షిఫ్ట్ 4 కాలానికి గురుత్వం ఇంకా అంత పని చేయలేదు కాబట్టి అప్పుడు 0.205. రెండోదాంతో మొదటిదాన్ని భాగిస్తే 4.7 లేదా 4.8. దీన్ని బయాస్ అంటారు: డార్క్ మ్యాటర్ కన్నా గెలాక్సీలు దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా గుంపుకట్టాయన్నమాట.

ఏ బరువు హేలోకు ఏ రెడ్‌షిఫ్ట్‌లో ఎంత బయాస్ ఉంటుందో కంప్యూటర్ సిమ్యులేషన్ల నుంచి టింకర్ బృందం 2010లో సూత్రం ఇచ్చింది. అది కొలోసస్‌లో ఉంది. వేర్వేరు బరువులు ఇచ్చి బయాస్ 4.8 ఎక్కడ వస్తుందో చూడండి. సుమారు 5 × 10¹¹, అంటే 50 వేల కోట్ల సూర్యుల బరువు దగ్గర ఆగుతారు.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. అంత ప్రకాశవంతమైన గెలాక్సీలు ఘన మెగాపార్సెక్‌కు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అంతే సంఖ్యలో ఉండే హేలోల బరువెంతో చూడటం. ప్రకాశంలో మొదటిది బరువులో మొదటిదనే ఊహ మీద ఇది నడుస్తుంది. రెండు దారుల్లో అంకెలు రెండు మూడు రెట్ల లోపు కలిస్తే సంతోషించండి. పది రెట్లు తేడా వస్తే అడుగు 5కు, ముఖ్యంగా మాస్క్‌కు తిరిగి వెళ్లండి.

గెలాక్సీలు ఒక్కొక్కటిగా కనిపించకపోయినా ఇదే తర్కం పనిచేస్తుంది. హెర్షెల్ బొమ్మల్లో దూరపు ధూళి గెలాక్సీలు ఒకదానిమీదొకటి పడి మసకగా కలిసిపోతాయి. ఆంబ్లార్డ్, కూరే తదితరులు 2011లో లాక్‌మన్ హోల్ అనే ప్రాంతంలో ఆ మసక వెలుగు హెచ్చుతగ్గుల గుంపునే కొలిచి, అలా జోరుగా నక్షత్రాలు కనే గెలాక్సీలకు హేలో కనీసం 3 × 10¹¹ సూర్యులంత ఉండాలని తేల్చారు.

అడుగు 7: రెండు అంకెలనూ కలపండి

ఇప్పుడు చేతిలో రెండున్నాయి: ఏడాదికి 14 నుంచి 21 సూర్యులంత నక్షత్రాలు, 50 వేల కోట్ల సూర్యుల హేలో. హేలోలోకి బయటి నుంచి పదార్థం వచ్చి పడుతూనే ఉంటుంది. అందులో ఆరో వంతు మామూలు వాయువు, మిగతాది డార్క్ మ్యాటర్. డెకెల్ బృందం 2009లో ఇచ్చిన సూత్రం ప్రకారం వాయువు రాక ఏడాదికి ఇలా ఉంటుంది: 6.6 × (లక్ష కోట్లలో హేలో బరువు) ఘాతం 1.15 × (1 + రెడ్‌షిఫ్ట్) ఘాతం 2.25.

6.6 × 0.45 × 37.4 ≈ 110

ఏడాదికి 110 సూర్యులంత వాయువు వచ్చి పడుతోంది, అందులో 13 నుంచి 19 శాతం నక్షత్రాలుగా మారుతోంది. మిగతాది ఏమైంది? కొంత వాయువుగానే నిల్వ ఉంటుంది, కొంత సూపర్‌నోవా పేలుళ్లకు బయటికి కొట్టుకుపోతుంది. చిన్న హేలోల్లో గురుత్వం బలహీనం కాబట్టి ఈ దుబారా ఎక్కువ. లక్ష కోట్ల సూర్యులు దాటిన హేలోల్లో ఇంకో గొడవ: పడే వాయువు వేడెక్కిపోయి చల్లారదు, పైగా నడిమి బ్లాక్‌హోల్ దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. అందుకే నక్షత్రాలు తయారుచేయడంలో ఘనాపాటీలు లక్ష కోట్ల చుట్టుపక్కల హేలోలే. మన గెలాక్సీ ఆ శిఖరానికి కాస్త కిందే ఉంది.

ఒక చివరి తనిఖీ తప్పనిసరి. గెలాక్సీలో అప్పటికే ఉన్న నక్షత్రాల మొత్తం బరువు, హేలోలోని మామూలు పదార్థం మొత్తాన్ని మించకూడదు. మన హేలోకు ఆ గరిష్ఠం 8,000 కోట్ల సూర్యులు. ఇలాంటి గెలాక్సీల్లో సాధారణంగా 500 కోట్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అలకనందలో సుమారు 1,000 కోట్ల సూర్యులంత నక్షత్రాలు ఉన్నాయి, ఏడాదికి 60 దాకా కొత్తవి చేరుతున్నాయి. ఆ జోరుతో ఉన్నదంతా రెట్టింపు కావడానికి 17 కోట్ల ఏళ్లు చాలు. అప్పటికి విశ్వం వయసే 150 కోట్ల ఏళ్లు కాబట్టి ఇది కూడా నమ్మదగ్గ లెక్కే.

ఈ తనిఖీలో ఇరుక్కున్నవి 2023లో లాబె బృందం వెబ్ డేటాలో ప్రకటించిన ఆరు గెలాక్సీలు. రెడ్‌షిఫ్ట్ 7 నుంచి 9 మధ్య, పది వేల కోట్ల సూర్యుల దాకా నక్షత్రాలన్నారు. అప్పటికి అంత బరువైన హేలోలు ఎన్ని ఉండగలవో లెక్కేస్తే, వాయువంతా నూటికి నూరుపాళ్లు నక్షత్రాలైతే తప్ప కుదరదు. విశ్వ సిద్ధాంతమే తప్పా అని వార్తల్లో హడావుడి జరిగింది. తర్వాత వాటిలో కొన్నింటి కాంతిలో పెద్ద వాటా బ్లాక్‌హోల్‌ది కావొచ్చని, కొన్నింటి దూరమే తప్పని తేలడంతో టెన్షన్ చాలావరకు తగ్గింది. మీ లెక్కలో నక్షత్రాలుగా మారిన వాయువు వాటా 50 శాతం దాటితే విశ్వాన్ని అనుమానించే ముందు రెడ్‌షిఫ్ట్‌ను, తర్వాత బ్లాక్‌హోల్‌ను, ఆ తర్వాత ధూళి సవరణను, ఈ వరసలో అనుమానించండి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే

రెడ్‌షిఫ్ట్ 5, 6 దాకా ఇదే పద్ధతి, ఫిల్టర్లు మార్చుకుంటే చాలు. ఆపైన గెలాక్సీల సంఖ్య పడిపోతుంది, జంటలు చాలవు. రెడ్‌షిఫ్ట్ 14.2 దగ్గరున్న జేడ్స్-జీఎస్-జెడ్14-0 వంటివి, విశ్వానికి 30 కోట్ల ఏళ్లప్పటివి, వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. వాటికి ఏడాదికి సుమారు 20 అని నక్షత్రాల రేటు చెప్పగలరు. హేలో బరువు మాత్రం సంఖ్యల పోలికతో వేసిన ఊహే, గుంపు కొలిచి చెప్పింది కాదు. పైగా వెబ్ చూసే ఆకాశపు ముక్క చిన్నది. అది దట్టమైన చోట పడిందా, పలచని చోట పడిందా అన్న దాన్ని బట్టే సంఖ్య మారిపోతుంది. ఆ కాలానికి గుంపు లెక్క చేయాలంటే వెడల్పైన సర్వేలు కావాలి. యూరప్ వాళ్ల యూక్లిడ్ 2023 జులైలో ఎగిరి ఆ పనిలోనే ఉంది. దాని డేటా విడుదలైన కొద్దీ అడుగు 2లో జాబితా మార్చి, మాస్క్ మళ్లీ గీసి, అడుగు 5 నుంచి తిరిగి నడవండి.